ద్రావణానికి సున్న, ద్రావణికి గుడి

తూకాల పిన్ని గ్లాసెడు ఉప్పునీళ్ళని ఒక్క చూపు చూసి అందులో ఎన్ని కోట్ల కోట్ల కణాలున్నాయో చెప్పేస్తుంది. ఒకసారి లెక్కలో ఒక్క కణం తక్కువొస్తే బల్ల కింద పాకుతూ వెతికి, పట్టకారుతో పట్టుకొచ్చి, సీసాలో వేసి మూత బిగించింది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. బల్ల ఇంకా అక్కడే ఉంది.

అది కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ వెనకాల గది. పేరుకి గది గానీ, ఇద్దరు లోపలికి వెళ్తే మూడోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి. మూడు గోడలకీ అరలు, అరల నిండా సీసాలు, ఒక కిటికీ, కిటికీ పక్కన రాతి బల్ల, దాని మీద అద్దాల పెట్టెలో త్రాసు. ఆ త్రాసు ముందు దగ్గకూడదు, తుమ్మకూడదు, ఫ్యాన్ వెయ్యకూడదు. ప్రిన్సిపాల్ వచ్చినా సరే, పిన్ని పెదాల మీద వేలు పెట్టుకుందంటే గుమ్మంలో ఆగిపోవాల్సిందే. పంతొమ్మిదేళ్ళుగా ఆ గది తాళంచెవి ఆవిడ నడుం దగ్గరే ఉంది. లెక్చరర్ల నుంచి తోటమాలి దాకా అందరికీ ఆవిడ పిన్నే, సొంత చెల్లెలి పిల్లలకి తప్ప. వాళ్ళకి పెద్దమ్మ.

పిల్లల ప్రాక్టికల్స్‌కి కావలసిన ద్రావణాలన్నీ పిన్నే కలిపేది. అందుకు లెక్కలేమీ అక్కర్లేదు. అంతకుముందున్న స్టోర్‌కీపరు రిటైరవుతూ ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి వెళ్ళాడు. ఏ సీసాకి ఎన్ని గ్రాములు, ఏ గీత దాకా నీళ్ళు, అంతే ఉంది అందులో. ఎందుకు అన్నది ఎక్కడా లేదు, పిన్ని ఎప్పుడూ అడగలేదు. ఆవిడ కలిపిన ద్రావణంతో ఒక బ్యాచ్‌లో నలభై మందికీ ఒకే రీడింగు వచ్చిందంటే ఆ చెయ్యి ఎంత నిక్కచ్చో చూసుకోండి. ముప్పై తొమ్మిది మంది ముందు బల్ల అమ్మాయి పుస్తకంలోంచి ఎక్కించుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు.

ఆ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. ద్రావణాలు కలిపేవాళ్ళెవరైనా సరే శాఖ పెట్టే పరీక్ష పాసవ్వాలి. రాతకి అరవై, చేతకి నలభై, రెండూ కలిపి ముప్పై అయిదు వస్తే చాలు. రాకపోతే తూకాల గది తాళంచెవి ఇచ్చేసి పాత రికార్డుల గదికి వెళ్ళాలి. ఆ ముక్క చదువుతుంటే పిన్ని చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో రికార్డుల గది ఎలా ఉంటుందో చూసి వచ్చింది. సైకిల్ స్టాండ్ వెనక ఉంటుంది. కిటికీ లేదు, ఉన్నదల్లా కప్పు దాకా పేర్చిన కట్టలూ, బొద్దింకలూ, వాటికి భయపడి మూలకి ఒదిగిన బీరువా. అక్కడ పనిచేసే గుమాస్తా పదకొండేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడక, పిన్ని పలకరిస్తే మొదట దుమ్ము వచ్చి, తర్వాత మాట వచ్చిందట. ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దు బాబూ అని పిన్ని వెనక్కి తిరిగింది.

తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి ఆవిడ. యాసిడ్ సీసాని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతుంది. పరీక్ష అన్న మాటకి మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదు.

కెమిస్ట్రీకి ఆ ఏడే వచ్చిన కొత్త మేడం మంచి పిల్ల. వయసులో పిన్ని కూతురంత ఉంటుంది. తన పాత పాఠ్యపుస్తకం తెచ్చిచ్చి, ఖాళీ పీరియడ్‌లో తూకాల గదిలోనే కూర్చుని మోల్ అంటే ఏమిటో చెప్పింది. ఒక మోల్ ఉప్పు యాభై ఎనిమిదిన్నర గ్రాములు. ఒక మోల్ పంచదార మూడు వందల నలభై రెండు గ్రాములు. రెండూ సమానం.

పిన్ని ఒకసారి త్రాసు వంక చూసింది. దాని ఎదురుగా కూర్చుని ఇలాంటి మాట అనడానికి ఎంత గుండె ఉండాలో అనుకుంది.

బరువులో కాదు, సంఖ్యలో సమానం అని సర్దింది మేడం. డజను నిమ్మకాయలూ డజను గుమ్మడికాయలూ ఉన్నాయనుకోమంది. అది బాగానే ఎక్కింది. డజనంటే పన్నెండు, మరి మోల్ అంటే ఎంత? ఆరు పక్కన ఇరవై మూడు సున్నలు పెట్టుకోమంది మేడం. పిన్ని పెట్టింది. లెక్కపెడితే ఇరవై రెండున్నాయి. ఇంకొకటి పెట్టి మళ్ళీ లెక్కపెడితే ఇరవై నాలుగయ్యాయి.

"ఇన్నిటిని ఎవరు లెక్కపెట్టారు మేడం?"

"ఎవరూ లెక్కపెట్టలేదు పిన్నీ. తూచారు."

"లెక్కపెట్టకుండానే సంఖ్య చెప్పేశారా?"

మేడం నోరు తెరిచింది. ఈలోగా గంట మోగింది. క్లాసుకి వెళ్ళిపోయింది.

పిన్ని మొగుడు దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. రెండు కుట్టుమిషన్లున్నాయి. ఒకటి పనిచేస్తుంది, రెండోది దానికి తోడు. ఆయన చెయ్యి మంచిదే గానీ నోరు ఇంకా మంచిది. తను కుట్టిన కోటు వేసుకుని ఒకాయన జోరువానలో పొడిపొడిగా ఇల్లు చేరాడని, ఆ కుట్టు చూసి చినుకులే సిగ్గుపడి పక్కకి తప్పుకున్నాయని కొలతలు తీసుకునేటప్పుడు అందరికీ చెబుతాడు. పెళ్ళాం గడప దగ్గర కూలబడి సున్నల కాగితం చూపించేసరికి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, నేను గుండీలు ఎలా కొంటానే? ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటానా?"

గుండీలు ఆయన తూకానికే కొంటాడు. చొక్కా గుండీలు వంద ఎంత తూగుతాయో తెలుసు, కోటు గుండీలు వంద ఎంత తూగుతాయో తెలుసు. సంచి త్రాసులో పెడితే లోపల ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. వందా వందా బరువులో ఒకటి కావు, సంఖ్యలో ఒకటే. మీ వాళ్ళ గుండీలు మరీ సన్నవి, అంతకన్నా ఏం లేదు అని తేల్చేశాడు.

ఆ పూటంతా పిన్నికి లోకం తేటపడింది. వంట చేస్తూ ఉప్పు డబ్బాలోకి చూసి చొక్కా గుండీలు అనుకుంది, పంచదార డబ్బాలోకి చూసి కోటు గుండీలు అనుకుంది. పొద్దున లేచేసరికి ఉప్పూ, కోటూ, నిమ్మకాయలూ కలగలిసిపోయాయి. అది చాలదన్నట్టు కాలేజీకి వెళ్ళి నోటుపుస్తకం తెరిస్తే, ఉప్పునీళ్ళ సీసా ఎదురుగా లీటరుకి 5.85 గ్రాములు అని ఉంది. పంతొమ్మిదేళ్ళుగా తూస్తున్న అంకె. మేడం చెప్పింది 58.5. అవే మూడంకెలు, చుక్క మాత్రం ఒక ఇల్లు జరిగింది. ఇన్నాళ్ళూ తక్కువ కలిపానా అని పిన్ని స్టూలు మీద కూలబడింది. మేడం వచ్చి, సీసా మీద 0.1 అని ఉంది కదా పిన్నీ, పదోవంతు మోల్ అన్నమాట, అందుకని పదోవంతు ఉప్పు అని చెప్పేదాకా ఆవిడ స్టూలు మీంచి లేవలేదు. లేచాక కూడా, పదోవంతు అని తనకి ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదన్నది తేలలేదు.

అయినా మోల్ వరకూ ఫరవాలేదు. అసలు చిక్కు తర్వాతి పేజీలో ఉంది.

అక్కడ మూడు మాటలున్నాయి. కరిగేది ద్రావితం. కరిగించుకునేది ద్రావణి. రెండూ కలిసింది ద్రావణం. ఆ మాటలు పెట్టినాయన ఎవరో గానీ ముగ్గురు కవలపిల్లలకి ఒకే రంగు చొక్కాలు తొడిగి, చీకటి గదిలో వదిలి, గడియ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాటి కింద ఇంకో జంట. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉంటే అది మోలారిటీ. కిలో ద్రావణిలో ఎన్ని మోల్స్ ఉంటే అది మోలాలిటీ. పిన్ని ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివింది. ఒకే వాక్యం పొరపాటున రెండుసార్లు అచ్చేశారనుకుని, పెన్సిలుతో రెండోదాన్ని మొదటిదానిలా దిద్దిపెట్టింది.

మర్నాడు అది చూసి మేడం రబ్బరు తీసుకుంది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి పిన్నీ అంది. చివర సున్న ఉంటే మొత్తం, గుడి ఉంటే నీళ్ళు. పిన్ని దాన్ని ఎడమ అరచేతిలో రాసుకుంది. ఇంటికి వెళ్ళి బట్టలుతికేసరికి సున్న పోయింది, గుడి పోయింది, నీళ్ళు మిగిలాయి.

తలకి ఎక్కనిది చేతికైనా ఎక్కుతుందేమోనని ఆదివారం వంటింట్లో మొదలుపెట్టింది. గీతలున్న రెండు లీటర్ల జగ్గు ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకుంది. మొగుడి గుండీల త్రాసులో మూడు వందల నలభై రెండు గ్రాముల పంచదార తూచింది. జగ్గులో లీటరు నీళ్ళు పోసింది.

గడప మీద అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్భై దాటాయి. చెవి మందం, నోరు పదును. ఏం చేస్తున్నావని అడిగింది.

"ఒక మోల్ పంచదార కలుపుతున్నా అత్తయ్యా."

"మూల పంచదారా? మూలది ఎందుకే, డబ్బాలోది ఉండగా?"

పిన్ని పంచదార వేసి కలిపింది. కంటికి కనబడకుండా కరిగిపోయింది. నీళ్ళు మాత్రం లీటరు గీత దాటి, ఇంకో రెండు గీతలు ఎక్కి కూర్చున్నాయి. కనబడకుండా పోయిన వస్తువు ఇంత చోటు ఎలా ఆక్రమించిందో ఆవిడకి అంతు పట్టలేదు. జగ్గు తీసుకెళ్ళి అత్తగారి ముందు పెట్టి, పోసింది లీటరు, అయ్యింది లీటరూ రెండు వందలు, పంచదార ఎటు పోయినట్టు అని అడిగింది.

అత్తగారు వేలు ముంచి నాకి చూసింది. "ఎటూ పోలేదు, ఇందులోనే ఉంది. నువ్వు తొట్టిలో దిగితే నీళ్ళు పైకి లేవవూ?" అని మళ్ళీ చిక్కుళ్ళలో పడింది.

అక్కడితో ఆగుంటే పిన్ని గట్టెక్కేదే. కానీ దర్జీ మిషను ఆపి లోపలికి వచ్చాడు. పెళ్ళాం తన దగ్గర కాకుండా తన తల్లి దగ్గర పాఠం నేర్చుకోవడమేమిటని ఆయన బాధ. తలుపుకి రెండు మీటర్ల తెర అడిగితే రెండు మీటర్ల గుడ్డ తీసుకుంటానా అన్నాడు. పైనా కిందా మడిచి కుడితే ఇంకెక్కడి రెండు మీటర్లు? కావలసింది తయారైన కొలత. అందుకని ముందే ఎక్కువ తీసుకోవాలి.

పిన్ని మొహం విచ్చుకుంది. తయారైన కొలతే ద్రావణం, ముందు తీసుకునేది ద్రావణి. కాబట్టి లీటరు ద్రావణం కావాలంటే లీటరు కన్నా ఎక్కువ నీళ్ళు తీసుకోవాలి. అలా తీసుకుని ఇంకోసారి కలిపితే జగ్గు లీటరున్నర చూపించింది.

గుడ్డ కుడితే తగ్గుతుంది, నీళ్ళు కలిపితే పెరుగుతాయి అన్న సంగతి దర్జీకి అప్పుడు తట్టింది. అయితే తిరగేసి పట్టుకో అన్నాడు. దేన్ని తిరగెయ్యాలో చెప్పకుండా మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా పిన్ని ఒకసారి గుడ్డని, ఒకసారి నీళ్ళని తిరగేస్తూ గడిపింది. ఇంటిల్లిపాదీ దాహానికి తియ్యటి నీళ్ళే తాగారు. వీధిలో చీమలు పక్క వీధి చీమలకి కబురు పంపాయి. చివరికి శనివారం నాటికి ఒక పద్ధతి చేతికి పట్టుబడింది. సున్నయితే ముందు పంచదార కరిగించి, తర్వాత గీత దాకా నీళ్ళు. గుడి అయితే ముందు నీళ్ళు కొలిచి, తర్వాత పంచదార. ఎందుకో అడిగితే మాత్రం పిన్నికి మళ్ళీ తెర గుర్తొచ్చి అంతా చెడిపోయేది. అందుకని తనని తాను అడగడం మానేసింది.

పరీక్ష వేరే కాలేజీలో పెట్టారు. పొద్దున రాత పరీక్ష. మొదటి ప్రశ్న మోల్ అనగానేమి. పిన్ని గుండీలు అని మొదలుపెట్టి, కొట్టేసి, నిమ్మకాయలు అని రాసి, అదీ కొట్టేసి, రెండో ప్రశ్నకి వెళ్ళింది. రెండోది మొదటిదాని అక్కలా ఉంది. బయటికి వచ్చేటప్పుడు ఇక మిగిలింది చేతిపనే అని ఆవిడకి స్పష్టంగా తెలుసు.

మధ్యాహ్నం ప్రాక్టికల్. హాల్లో పదకొండు బల్లలు, బల్లకి ఒకరు. పిన్ని బల్ల మీద పంచదార డబ్బా, త్రాసు, రెండు బీకర్లు, ఒక కొలజాడీ, పొడుగాటి మెడ మీద ఒకే గీత ఉన్న అర లీటరు ఫ్లాస్కు. పరీక్షకుడు బక్కపలచగా, చేతిలో సీలు వేసిన కవరుతో తిరుగుతున్నాడు. ఆయన పంచిన ప్రశ్నల కాగితాలన్నీ నకళ్ళు. నకలు తీసిన మిషను అద్దం మీద ఏం అంటుకుందో ఏమో, ప్రతి కాగితం మీదా పైనుంచి కిందికి వేలెడు వెడల్పున నల్లటి చార.

పిన్ని చదివింది. "అర లీటరు ద్రావణ" అని ఉంది. తర్వాత చార. చార అవతల, "లో 171 గ్రాముల పంచదార ఉండునట్లు తయారుచేసి గాఢత రాయుము."

ద్రావణంలోనా, ద్రావణిలోనా?

కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుంది. తిరగేసి చూసింది. ణ ఎడమ సగం కనబడుతోంది. కుడి సగం మీద నలుపు, దాని పక్కన నలుపు. గుడి ఉంటే ఆ నలుపులో ఉంది, సున్న ఉన్నా ఆ నలుపులోనే ఉంది. సున్నయితే పంచదారా నీళ్ళూ కలిసి అర లీటరు. గుడి అయితే నీళ్ళే అర లీటరు. ఈ మాత్రం తేడా తెలియడానికి నెల పట్టింది. తీరా తెలిశాక, అడిగింది ఏదో తెలియడం లేదు. తూకాల గది ఉంటుందో ఊడుతుందో ఆ ణ పక్కన ఉంది.

పరీక్షకుడు దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అడిగింది.

"అయ్యా, ఇది గుడా, సున్నా?"

ఆయన కాగితం వంక చూడలేదు. జవాబులు అడిగేవాళ్ళని చాలామందిని చూసిన మనిషి. "సున్న రాదమ్మా. పంచదార వేశాక గాఢత సున్న ఎలా అవుతుంది?"

"అది కాదండీ, గుడేమోనని."

"గుడికి పరీక్ష అయ్యాక వెళ్దురుగాని," అన్నాడాయన, ఎండ దెబ్బ తగిలిన మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా.

పిన్ని స్టూలు మీద కూర్చుంది. అటు పక్క బల్ల ఆయన, ఇటు పక్క బల్ల ఆవిడా ఏమీ ఆలోచించకుండా కలిపేస్తున్నారు. వాళ్ళకి ఆ అక్షరం కనబడిందో, లేక కనబడలేదన్న సంగతే కనబడలేదో. కాసేపటికి పిన్ని లేచి చేతులు తుడుచుకుంది. త్రాసు ముందు నిలబడింది. నూట డెబ్భై ఒక్క గ్రాములు తూచింది. బీకరులో కొన్ని నీళ్ళతో కరిగించి ఫ్లాస్కులోకి వంచింది. బీకరు రెండుసార్లు కడిగి ఆ కడుగునీళ్ళు కూడా అందులోనే పోసింది. గీత దగ్గరికి వచ్చాక వంగి, కంటిని గీతకి సమంగా పెట్టి, చుక్క చుక్కగా పోస్తూ ఆపింది. తర్వాత ఇంకో నూట డెబ్భై ఒకటి తూచింది. కొలజాడీతో అర లీటరు నీళ్ళు కొలిచి పెద్ద బీకరులో పోసి, పంచదార అందులో వేసి కలిపింది. అది అయిదు వందలు దాటి ఆరు వందలకి ఎగబాకింది.

ఇక గాఢత. నూట డెబ్భై ఒకటి అంటే మూడు వందల నలభై రెండులో సగం, అంటే అర మోల్. అర లీటరు ద్రావణంలో అర మోల్. లీటరుకి ఒకటి. గుడి సంగతి చూస్తే, అర లీటరు నీళ్ళంటే అర కిలో. అర కిలోలో అర మోల్. కిలోకి ఒకటి. అక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే. కళ్ళెదుట ఒకటి ఫ్లాస్కు మెడలో ఉంటే ఇంకొకటి బీకరులో ఉబ్బి ఉంది, రెండిటికీ ఒకే జవాబు ఎలా వస్తుంది? నాలుగుసార్లు వేసింది. నాలుగుసార్లూ ఒకటే వచ్చింది. చేసేది లేక రెండు చీటీలు అంటించింది. ఫ్లాస్కు మీద, "సున్న అయితే ఇది. ఒకటి మోలార్." బీకరు మీద, "గుడి అయితే ఇది. ఒకటి మోలాల్."

పరీక్షకుడు వచ్చి చీటీలు చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక ప్రశ్నకి రెండు జవాబులు కుదరవని, ఒకటి కొట్టెయ్యమని అన్నాడు.

"ఏది కొట్టెయ్యాలో మీ కాగితం చెప్పడం లేదండీ," అంది పిన్ని.

అప్పుడు చూశాడాయన కాగితం. వెలుతురుకి పట్టాడు, తిరగేశాడు. తన దగ్గరున్న ప్రతి తీశాడు. దాని మీదా చారే. సీలు వేసిన కవరు చింపి జవాబు కాగితం బయటికి లాగాడు. అందులో ఈ ప్రశ్న ఎదురుగా "1" అని ఉంది. పక్కన ఇంకేమీ లేదు. మోలార్ అని లేదు, మోలాల్ అని లేదు. ఆయన ఫ్లాస్కు వంక చూశాడు, బీకరు వంక చూశాడు, ఒకటి వంక చూశాడు. చేతిలో కవరుతో పిన్ని స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మీకు ఏదనిపిస్తోంది?" అని ఆయనే అడిగాడు చివరికి.

"ఒక్కోసారి ఒక్కోటి అనిపిస్తోందండీ."

ఆయన కదిలేసరికి స్టూలు కిర్రుమంది. తర్వాత వంగి ఫ్లాస్కు గీత చూసి, తల ఊపి, ఏదీ కొట్టెయ్యకుండా మార్కుల కాగితంలో ఏదో రాసుకున్నాడు.

తూకాల గది తాళంచెవి ఈనాటికీ పిన్ని దగ్గరే ఉంది. తక్కిన కథ దర్జీ కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ నోటికి వచ్చు. పరీక్షకుడు చటుక్కున లేచి నిలబడి చేతులు జోడించాడు. హాల్లో పది మందీ తమ బీకర్లు ఒలకబోసి పిన్ని వెనక బారులు తీరారు. నూటికి నూట పది వేసి, ఆ పదీ గుడికి అయిదు, సున్నకి అయిదు అని పంచారు. కోటు కొలతలు ఇస్తున్న ఒకాయనకి మొన్న దర్జీ ఇదంతా చెబుతుంటే, లోపల గదిలో బట్టలు మడతపెడుతున్న పిన్ని అక్కణ్ణుంచే అంది:

"ముప్పై ఎనిమిది వచ్చాయి. ఆయన లేచింది స్టూలు కాలు ఊడిందని. రెండు కలిపింది తెలివితో కాదు, ఏది అడిగారో తెలియక. అది గుడో సున్నో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు."